మేస్త్రి జవాబులు: పట్టేసిన ఇంజను

ఎండలు ముదిరితే ఏసీ గురించి, వానలు మొదలైతే బ్రేకుల గురించి ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి మాత్రం అన్నీ తిరగని ఇంజన్ల గురించే. వాటిలో నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదే పెద్దది. మిగతావాళ్లు కూడా అది చదివాకే తమ జవాబు చూసుకుంటే మంచిది.

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారిది 1968 అంబాసిడర్ మార్క్ టూ, పెట్రోలు బండి. ఆయన ఆఖరిసారి పెళ్లికి వెళ్లొచ్చి ధాన్యం కొట్టు పక్కన షెడ్డులో పెట్టారు. అప్పటికి బండికి ఏ ఇబ్బందీ లేదు. ఆయన పోయాక పదకొండేళ్లు అక్కడే ఉండిపోయింది. మొన్న కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చింది, లైట్లు ఆరిపోయినంత పనైంది. మెకానిక్‌ని పిలిస్తే ముందునుంచి ఇంజను తిప్పే హ్యాండిల్ పెట్టి చూశాడు. ఇద్దరం కలిసి తొక్కినా కదల్లేదు. ‘ఇంజను సీజైపోయింది, తీసి అవతల పారేసి డీజిల్ ఇంజను ఎక్కిద్దాం’ అంటున్నాడు. నిజంగా పోయినట్టేనా?

జవాబు: ఇంజను తిరగడం లేదు, అంతవరకే మీ మెకానిక్ చూశాడు బాబూ. దాన్ని ఏది పట్టుకుని తిరగనివ్వడం లేదో చూడలేదు. వైద్యం మొదలయ్యేది అక్కడినుంచే.

నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే పానా తీయక ముందే ఒక మాట అడుగుతాను: ఆఖరి రోజున ఎలా ఆగింది? దడదడమని మోత వచ్చి రోడ్డు మీద ఆగిందంటే నా అనుమానం బేరింగుల మీదికి పోతుంది. ఆయిలు లైటు వెలిగినా చూసుకోకుండా తోలారంటే కూడా అంతే. పొగలు కక్కి ఆగిందంటే పిస్టన్ల మీదికి పోతుంది. మీ బండి ఆ రెండు రకాలూ కాదు. పెళ్లికి వెళ్లి శుభ్రంగా ఇంటికొచ్చి, తాళం తిప్పితే ఆగింది. నడిచిన ఇంజను షెడ్డులో నిలబడి బేరింగులు కాల్చుకోదు. దాన్ని పట్టుకున్నది తుప్పయినా అయ్యుండాలి, బయటి సామాను ఏదైనా అయ్యుండాలి. రెండిటికీ మందుంది.

ముందు చేయకూడనివి చెప్తాను. మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ట్రాక్టరుకి తాడు కట్టి గేరులో లాగించకండి. పల్లెటూళ్లలో అందరికీ మొదట తోచేది ఇదే. సిలిండరు గోడకి తుప్పుతో అంటుకున్న పిస్టన్ రింగుని ట్రాక్టరు బలంతో లాగితే రింగు విరుగుతుంది, పిస్టన్‌లో దాని గాడి పగులుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగినా వంగుతుంది. తుప్పు పట్టిన తాళంలో చెవి ఇరుక్కుంటే మెలిపెట్టి విరగ్గొడతామా, నూనె చుక్క వేసి అటూ ఇటూ ఆడిస్తామా?

ఇక వరస. గేరు న్యూట్రల్‌లో పెట్టి బండి నెట్టండి. అప్పుడూ కదలకపోతే బ్రేకు డ్రమ్ములు పట్టేశాయి, అది వేరే పని, ఇంజనుకి సంబంధం లేదు. కదిలితే ఈసారి టాప్ గేరులో వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి నెట్టండి. కదలకపోతే క్లచ్ ప్లేటు తుప్పుతో ఇంజను వెనకుండే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కి అతుక్కుంది. ఇన్నేళ్లు నిలబడిన బండికి అది మామూలే. దాన్ని చూసి ఇంజను మీద తీర్పు చెప్పకూడదు.

తర్వాత సెల్ఫ్ మోటారు. మీ ఉత్తరంలో నాకు పట్టుకున్నది ఈ విషయమే. మీరు సెల్ఫ్ కొట్టిన తర్వాతే మెకానిక్ హ్యాండిల్ పెట్టాడు. ఆ కాలం అంబాసిడర్‌లో ఉన్నది లూకాస్ తరహా స్టార్టరు. కరెంటు తగలగానే బెండిక్స్ అనే చిన్న చక్రం పళ్లు ముందుకు దూకి ఫ్లైవీల్ అంచున ఉన్న పళ్ల రింగులో పడతాయి, ఇంజను అందుకోగానే వెనక్కి వస్తాయి. రింగు పళ్లు అరిగి ఉంటే బెండిక్స్ సగంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు సెల్ఫ్ ‘టక్’ అంటుంది, లైట్లు పడిపోతాయి, హ్యాండిల్‌కీ కదలదు. అచ్చం సీజైన ఇంజను లక్షణాలే. నాలుగు సిలిండర్ల ఇంజను ఆగేటప్పుడు ఎక్కువసార్లు రెండే చోట్ల ఆగుతుంది, అర చుట్టు తేడాలో. అందుకే రింగు కూడా ఆ రెండు చోట్లే ముందు అరుగుతుంది. ఇరుక్కునేదీ అక్కడే.

చూడడం తేలిక. బ్యాటరీ తీగ విప్పేయండి. మోటారు వెనక కొసన చిన్న రేకు టోపీ ఉంటుంది, దాన్ని లాగితే లోపల షాఫ్టు చివర నాలుగు పలకలుగా కనపడుతుంది. పానాతో దాన్ని తిప్పితే ఇరుక్కున్న బెండిక్స్ విడిపోతుంది. తుప్పుకి అది కూడా తిరగకపోతే రెండు బోల్టులు విప్పి మోటారునే దింపేయండి. తర్వాత హ్యాండిల్ మామూలు బలంతో తిప్పి చూడండి. తిరిగిందా, మీ డీజిల్ ఇంజను ఖర్చు మిగిలింది. దాంతోపాటు ఫ్యాన్ బెల్టు కూడా తీసేయండి. డైనమో, వాటర్ పంపు బేరింగులు బిగుసుకుని ఉంటే ఆ బరువూ ఇంజను మీదే పడుతుంది. బెల్టు తీయడానికి డబ్బులేం కావు.

అప్పటికీ తిరగకపోతే ప్లగ్గులు విప్పండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సుద్దతో నంబరు వేసి కాగితం మీద వరసగా పెట్టండి. అవే సగం కథ చెప్తాయి. ఇంజను ఆగినప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటికి వాల్వులు మూసుకునే ఉంటాయి. మూడోదానికి ఎగ్జాస్టు వాల్వు తెరిచి ఉంటుంది, సైలెన్సరు గొట్టం దారిన గోదావరి జిల్లాల చెమ్మగాలి పదకొండేళ్లూ అందులోకే వెళ్లింది. నాలుగోదానికి ఇన్‌లెట్ వాల్వు తెరిచి ఉంటుంది, అది కార్బొరేటరు దారిన ఊపిరి పీలుస్తుంది. కాబట్టి తుప్పు సాధారణంగా ఒకటి రెండు సిలిండర్లలోనే ఉంటుంది. మూడు ప్లగ్గులు పొడిగా మసిబారి, ఒకటే ఎర్రగా వస్తే దొంగ అక్కడే ఉన్నాడు. నాలుగూ శుభ్రంగా ఉంటే అనుమానం మార్చుకోవాలి. పక్కపక్కన రెండు సిలిండర్లలో తుప్పుంటే సిలిండర్ల మీది మూత, అంటే హెడ్, దాని కింది గాస్కెట్ దారిన నీళ్లు దిగాయేమో చూసుకోవాలి. రేడియేటరులో నీళ్లు అలాగే ఉన్నాయా, ఇంకిపోయాయా, అదీ చూడండి.

ధాన్యం కొట్టు పక్కన అన్నారు కాబట్టి ఎయిర్ క్లీనర్ కూడా విప్పండి. ఎలుకలు అందులో ఊక పోగేసి గూడు పెడతాయి. అది కార్బొరేటరు గొంతు దాకా దిగి ఉంటే, ఇంజను తిరిగిన రోజున అంతా లోపలికి పీల్చుకుంటుంది.

ఫోనుకి తగిలించే సన్నని కెమెరాలు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి. మా కాలంలో అది ఉంటే ఎన్ని హెడ్లు దింపకుండా ఉండేవాళ్లమో! ప్లగ్గు రంధ్రంలోంచి దించి గోడలు చూడండి. మరకలా పలుచగా గోధుమరంగు ఉంటే భయం లేదు. పెచ్చుపెచ్చులుగా లేచి ఉంటే, గుంటలు పడి ఉంటే, ఇంజను కదిలినా బోరు కొట్టించక, అంటే సిలిండరు గోడలు చెక్కించక తప్పదు.

కిందివైపు ఆయిలు నిలిచే తొట్టి, అంటే సంప్, దాని బోల్టు మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిలు కన్నా బరువు, ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిలు పాలలా తెల్లగా వస్తే నీళ్లు కలిశాయని అర్థం. బేసిన్‌లో పట్టి ఎండలో పెట్టి చూడండి, మెరుపులు కనపడితే అయస్కాంతం తిప్పండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా తళుక్కుమంటే అది బేరింగు లోహం, అప్పుడు నేను మొదట చెప్పినదంతా పక్కన పెట్టి సంప్ దింపాల్సిందే. ఈ 1489 సీసీ ఇంజనుకి మెయిన్ బేరింగులు మూడే, చూడడానికి ఎక్కువసేపు పట్టదు.

వాల్వుల్ని నొక్కే రాకర్ల మీది కవరు విప్పి వాల్వులు కూడా చూడండి. ఏదైనా వాల్వు తెరుచుకున్నచోటే అంటుకుపోయి స్ప్రింగుకి కూడా పైకి రాకపోతే, రాకర్‌కీ దానికీ మధ్య సందు పెద్దగా కనపడుతుంది. అక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. రాకర్ షాఫ్టు ఊడదీద్దామని నట్లు విప్పేస్తారు. ఈ ఇంజనులో ఆ నట్లలో నాలుగు, హెడ్‌ని పట్టుకున్న నట్లు కూడా. వాటిని మాత్రమే విప్పితే హెడ్ ఒకపక్క వదులై మెలిపడుతుంది, గాస్కెట్ పోతుంది. షాఫ్టు తీయాల్సి వస్తే రేడియేటరు నీళ్లు వదిలి, హెడ్ నట్లన్నీ వరసప్రకారం కొంచెం కొంచెంగా వదులు చేయాలి. చూడడం వరకే అయితే టాపెట్ స్క్రూలు వదులు చేసుకుంటే చాలు.

తుప్పేనని తేలితే మందు. సగం డీజిలు, సగం ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే ఆయిలు కలపండి. ఒక్కో సిలిండరు 372 సీసీ పడుతుంది, అందులో యాభై మిల్లీలీటర్లు పోస్తే పిస్టన్ తల మునుగుతుంది. ప్లగ్గులు చేత్తో బిగించి వదిలేయండి. రోజూ చూడండి, తగ్గినదాంట్లో మళ్లీ పోయండి. ఈ చూడడమే ఇంకో పరీక్ష. మంచి రింగులున్న సిలిండర్లోనూ నూనె మెల్లగా కిందికి దిగిపోతుంది. తుప్పుతో పూడుకుపోయినదాంట్లో రోజుల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. ప్లగ్గు చెప్పినదీ, ఇదీ ఒకే సిలిండరు మీద కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

వారం పోయాక ప్లగ్గులు తీసేసి, టాప్ గేరులో పెట్టి, ఇద్దరు మనుషులు బండిని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం ఊపండి. హ్యాండిల్‌తో ఈ పని కుదరదు, దాని పళ్లు ఒకవైపే పట్టుకుంటాయి. ముందుపక్క నట్టుకి పానా వేసి వెనక్కి తిప్పితే నట్టే ఊడొస్తుంది. ఊపుతున్నప్పుడు చెయ్యి చెప్పేది వినండి. అసలు కదలకపోతే తుప్పు ఇంకా వదల్లేదు, మళ్లీ నూనె. కాస్త తిరిగి మెత్తగా ఆగితే సిలిండరులో నూనె నిలిచి ఉందేమో చూడండి. తిరిగి తిరిగి ప్రతిసారీ ఒకేచోట ఠంగుమని ఆగితే లోపల ఏదో విరిగి అడ్డుపడుతోంది, అక్కడితో ఆపి హెడ్ దింపండి. పదిహేను, ఇరవై రోజులు నానబెట్టినా వెంట్రుకవాసి కదలకపోతే అప్పుడూ హెడ్ దింపడమే. బలం పెంచడం మాత్రం ఎప్పుడూ వద్దు.

కదిలిందనుకోండి. వెంటనే స్టార్టు చేయాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. పోసిన డీజిలంతా సంప్‌లోకి దిగి ఆయిలుని పలుచన చేసింది. అది పారబోసి కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేయండి. ప్లగ్గులు లేకుండానే, ఆయిలు ప్రెషరు వచ్చేదాకా తిప్పండి. తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరులో పుట్టే ఒత్తిడి, కొలిపించండి. ఒక్క సిలిండరు బాగా తక్కువుంటే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులదీ బోరుదీ తప్పు, పెరగకపోతే వాల్వులది. బోరు పాడైనా ఇంజను పారేయనక్కర్లేదు. ఇరవై, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పెద్ద సైజు పిస్టన్లు వేయించవచ్చు, అదీ కుదరకపోతే సిలిండరులో కొత్త గొట్టం, అంటే స్లీవు కొట్టించవచ్చు. మా విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని తెలిసిన లేత్ మేస్త్రులు ఇంకా ఉన్నారు.

ఇక ఆ డీజిల్ ఇంజను సంగతి. మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, పాత రిజిస్ట్రేషన్ ఉన్న బండికి పాత నంబరే ఉంటుంది, కొత్తగా రిజిస్టరయ్యే బండి ప్లేటు మీద ‘వీఏ’ అన్న అక్షరాలు వస్తాయి.  కానీ బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసీగానీ బాడీగానీ ఇంజనుగానీ మార్చి ఉండకూడదు. వింటేజ్ బండిని రోజూ సంతకి తిప్పడానికి వీల్లేదనుకోండి, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటి పనులకే. మీరు ఆ దారిన వెళ్లినా వెళ్లకపోయినా, 1968 బండి లోంచి దాని ఇంజను తీసి తుక్కుకి వేయమనే మెకానిక్‌కి మాత్రం బండి తాళాలు ఇవ్వకండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, మాది విశాఖ. మా మామయ్యగారి 1984 ప్రీమియర్ పద్మినిలో మేం నలుగురం అరకు బయల్దేరాం. అనంతగిరి ఘాట్‌లో వేడి చూపే సూది ఎర్రగీత దాటింది, ఇంజను బలం తగ్గిపోయి దానంతటదే ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరగలేదు. ముప్పావుగంట తర్వాత మామూలుగా తిరిగి స్టార్టయింది, ఇంటికి తెచ్చేశాం. ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఇంకేమైనా చూపించాలా?

జవాబు: చూపించాలమ్మా. చూపించేదాకా దూరం వెళ్లకండి.

మీ ఇంజను వేడికి పట్టేసి, చల్లారాక వదిలింది. పిస్టన్లు అల్యూమినియం, సిలిండర్లు పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా రెట్టింపు ఉబ్బుతుంది. రెండిటి మధ్య సందు పూర్తిగా మూసుకుపోయేసరికి పిస్టన్ గోడని పట్టుకుంది. చల్లారి ముడుచుకోగానే వదిలింది. పోయేటప్పుడు గోడ మీద గీతలు పెట్టిందా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి. కెమెరాతో చూస్తే నిలువు గీతలు కనపడతాయి. పై జవాబులో చెప్పినట్టు కంప్రెషన్ పొడిగానూ, ఆయిలు పోసీ కొలిపించండి. పక్కపక్క రెండు సిలిండర్లకి కలిపి పడిపోయి ఉంటే గాస్కెట్ వాటి మధ్య కాలింది.

పద్మిని హెడ్ కూడా అల్యూమినియమే, వేడెక్కితే వంగుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి స్టార్టు చేస్తే బుడగలు వస్తున్నాయా? సైలెన్సరు లోంచి తెల్ల ఆవిరి ఆగకుండా వస్తోందా? నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా తగ్గుతున్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా హెడ్ దింపించి, సరిబద్ద పెట్టి ఫేసింగ్, అంటే దాని అడుగు సమంగా ఉందో లేదో, చూపించండి. అసలెందుకు వేడెక్కిందో కూడా వెతకాలి కదా: రేడియేటరు పూడిందా, బెల్టు జారుతోందా, వాటర్ పంపు రెక్కలు తుప్పుకి కరిగిపోయాయా. సున్నం ఎక్కువున్న నీళ్లు పోసే బండ్లలో మొదటిదే ఎక్కువ.

మళ్లీ ఎప్పుడైనా ఇలా ఆగితే సెల్ఫ్ కొట్టకండి, చన్నీళ్లు పోయకండి, రేడియేటరు మూత ముట్టుకోకండి. బానెట్ ఎత్తి, చెట్టు కింద కూర్చోండి.

ప్రశ్న: అన్నా, సింగ్‌నగర్ నుంచి రాస్తున్నా. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఇంటిముందు పెట్టిన పాత ఫియట్ బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీశాక కడిగి పక్కన పెట్టాం. ఇప్పుడు తిరగడం లేదు. డీజిలు పోసి నానబెడితే వదులుతుందా?

జవాబు: వదలొచ్చు తమ్ముడూ, కానీ వదిలించకు. నీ బండిలో తుప్పొక్కటే ఉంటే తణుకు ఆయనకి చెప్పిందే నీకూ చెప్పేవాణ్ణి. వరదనీటితో ఒండ్రు వచ్చింది. డిప్‌స్టిక్ రంధ్రంలోంచీ, గాలి గొట్టంలోంచీ సంప్‌లోకీ, కార్బొరేటరు మునిగితే సిలిండర్లలోకీ దిగింది. నీళ్లు ఆరిపోయినా బురద అక్కడే ఎండి కూర్చుంది. డీజిలు పోసి తిప్పితే ఆ ఇసుకే బేరింగుల మధ్యా, ఆయిలు దారుల్లోకీ వెళ్లి పిస్టన్లు తిప్పే ఇరుసుని, అంటే క్రాంకుని నూరేస్తుంది.

నిలబెట్టిన బండి మునిగింది, అదొక్కటే నీ అదృష్టం. నడుస్తూ నీళ్లు మింగి ఉంటే, నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగి ఉండేవి. నువ్వు చేయించాల్సింది ఇంజను దింపి పూర్తిగా విప్పించడం. హెడ్, సంప్, బేరింగులు, క్రాంకు అన్నీ విడదీసి, క్రాంకులోని ఆయిలు రంధ్రాలకి బిగించిన ప్లగ్గులు కూడా విప్పి, కిరసనాయిలుతో కడిగి గాలి కొట్టించాలి. గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఆయిలు కూడా వదిలి చూడు, అక్కడా నీళ్లుంటాయి. సెల్ఫ్, డైనమో విడిగా ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వు. ఇంత పని దండగనుకుంటే కప్పి ఉంచు, డబ్బు సమకూరినప్పుడు చేయించుకో. సగం పని చేయించి స్టార్టు చేశావంటే, ఇవాళ బాగున్న క్రాంకు కూడా పోతుంది.

ప్రశ్న: పట్టేసిన సిలిండరులో కూల్‌డ్రింకు పోస్తే తుప్పు కరిగిపోతుందని చూశాను. నిజమేనా? (కరీంనగర్)

జవాబు: కోలా రకం కూల్‌డ్రింకుల్లో కొంచెం ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, పైపై తుప్పు మీద పనిచేస్తుంది, ఆ మాట నిజమే. మిగతాదంతా నీళ్లూ చక్కెరా. నీళ్లు కొత్త తుప్పు పట్టిస్తాయి, చక్కెర ఎండితే రింగుల్లో జిగురవుతుంది, ఆ ఆమ్లం అల్యూమినియం పిస్టన్‌ని కూడా తింటుంది. డీజిలు పోయండి, కూల్‌డ్రింకు మీరు తాగండి.